గేటు బయట తిరిగే ముల్లు

ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు న్యూజిలాండ్‌లో మేం ఉండే మనురేవాలో, బంకు దగ్గర మా కారులో డీజిల్ పోసుకుంటున్నాను. ఇక్కడ ఎవరి బండికి వాళ్ళే పోసుకోవాలి. చేతిలో గొట్టం ఉండగానే ఫోను మోగింది. చేసింది మేం పుకెకోహె తాత అని చెప్పుకునే పెద్దాయన మనవరాలు. ఆ అమ్మాయికి తెలుగు రాదు. ఇంగ్లిషులో చెప్పిన ఆ వాక్యంలో 'తాత' అన్న మాట ఒక్కటే తెలుగు. నిద్రలోనే పోయారట. బాధ పడలేదట.

డబ్బు కట్టి వచ్చి కారులో కూర్చున్నాను. వెనక ఎవరో హారన్ కొట్టాక బయలుదేరాను. ఇంటికి వచ్చే దారంతా స్పీడోమీటరు ముల్లు వైపే చూస్తూ వచ్చాను. అది లేవడం, సిగ్నల్ దగ్గర పడిపోవడం, మళ్ళీ లేవడం. మామూలుగా నేను దాన్ని పట్టించుకోను.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడా కనిపించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. చుట్టుపక్కల రైతులందరూ ఉల్లిపాయల బస్తాల మీద పేర్లు అచ్చు వేయించుకునేవారు. ఆయన బస్తాల మీద ఏ పేరూ ఉండేది కాదు. ఉల్లిపాయ తినేవాళ్ళకు నా పేరుతో ఏం పని అనేవారు.

మేం న్యూజిలాండ్ వచ్చింది రెండు వేల రెండులో. వచ్చిన కొత్తలో ఆక్లాండ్‌లోని పాపటోటోలో ఒక ఇండియన్ కిరాణా కొట్టుకు వెళ్ళాం. కరివేపాకు వాడిపోయింది, వద్దని నేను, ఇక్కడ అదే ఎక్కువ, తీసుకోమని మా ఆయన, మెల్లగా పోట్లాడుకుంటున్నాం. మా వెనక ఒక పెద్దాయన బంగాళాదుంపలు ఏరుతున్నారు. ఒకే దుంపను తీసి, చూసి, పెట్టి, మళ్ళీ తీస్తున్నారు. ఆయన స్వయంగా బంగాళాదుంపలు పండిస్తారని, ఆ కొట్టుకు కొన్ని బస్తాలు ఆయనే వేస్తారని నాకు తర్వాత తెలిసింది. చాలాసేపటికి మా వైపు తిరిగారు.

"మీదే ఊరు తల్లీ?"

రాజమండ్రి అన్నాను. "దూరమేటి?" అన్నారు. దేనికి దూరమని అడిగాను.

"ఇజీనారానికి. మా మామ్మది ఆ పక్క. ఊరి పేరు తెల్దు. ఆవిడే మర్సిపోనాదో, సెప్పడం మానీసిందో."

ఆయన ఫిజీలో పుట్టారు. చెరకు తోటల్లో పని చెయ్యడానికి ఓడలో వెళ్ళిన విజయనగరం మనిషికి మనవడు. విజయనగరం ఎప్పుడూ చూడలేదు. తెలుగు చదవలేరు, రాయలేరు. మామ్మ దగ్గర నేర్చుకున్న మాటలు మాత్రం ఆవిడ పలికినట్టే పలికేవారు. ఆయన భార్యది హిందీ మాట్లాడే కుటుంబం. పిల్లలది ఇంగ్లిషు. ఆ ఇంట్లో తెలుగు వినిపించి ఏళ్ళయింది.

ఆ రోజే మమ్మల్ని తన పికప్ బండిలో ఎక్కించుకుని ఊరు చూపిస్తానని తీసుకెళ్ళారు. ఆక్లాండ్ దాటి దక్షిణంగా పోతే పుకెకోహె. ఎర్రటి నేల, ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ. ఆయన ఇంటి వెనక రెండు గదుల చిన్న ఇల్లు ఉంది. అద్దెకు కావాలా అని అడిగారు. కావాలన్నాం. ఆ గదుల నిండా ఉల్లి విత్తనాల డబ్బాలు, పాత సామాను ఉండేవని, వాటిని అద్దెకిచ్చే ఆలోచన కిరాణా కొట్టు నుంచి వచ్చే దారిలోనే పుట్టిందని ఆయన భార్య తర్వాత నాతో చెప్పి నవ్వింది. ఆవిడను మేం వాళ్ళ పద్ధతిలో ఆజీ, అంటే నాయనమ్మ, అనేవాళ్ళం. ఆయనను నేను మొదట అంకుల్ అన్నాను.

"అంకులేటి? ఈ దేశంలో అందరూ అంకుల్సే. తాత అను."

అప్పటినుంచి తాత.

సాయంత్రం పొలం నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని మా గడప దగ్గర ఆగేవారు. లోపలికి వచ్చేవారు కాదు, బూట్లకు మట్టి ఉండేది. "దీన్ని మీ ఊళ్ళో ఏటంటారు?" అని అడిగేవారు. కొత్తిమీరను ఆయన ధనియా అనేవారు. నేను కొత్తిమీర అనగానే కాసేపు ఆగి, "ఆఁ, కొత్తిమీర. మామ్మ అనీది" అన్నారు. అలా ఒక్కో మాట తిరిగి దొరికినప్పుడు ఆయన ముఖంలో పెద్ద సంతోషం ఏమీ కనిపించేది కాదు. పోయిన పనిముట్టు షెడ్డులో దొరికితే మనిషి ఎలా తల ఊపుతాడో, అలా తల ఊపి వెళ్ళిపోయేవారు.

కొంచెం పిసినారి. టీ సంచిని రెండుసార్లు వాడేవారు. ప్లాస్టిక్ కవర్లు మడిచి పెట్టేవారు. మా ఇంట్లో పగలు లైటు వెలిగితే కిటికీ మీద వేలితో తట్టేవారు. ఎవరి దగ్గరైనా పార తెచ్చుకుంటే మాత్రం దాన్ని కడిగి, ఆరబెట్టి, పిడి వదులుగా ఉంటే బిగించి తిరిగి ఇచ్చేవారు. అరువు తెచ్చుకున్న పార ఇలా కడిగి ఇస్తే ఇచ్చినవాడికి అవమానంగా ఉండదా అని మా ఆయన ఒకసారి హాస్యమాడితే, "ఆడి పార ఆడికి ఆడి పారలాగే పోవాల" అన్నారు.

ఇలా ఎందుకయ్యారో ఒకరోజు ఉల్లి కాడలు కోస్తూ చెప్పారు. ఫిజీలో వాళ్ళు తాతల కాలం నుంచి సాగు చేసిన చెరకు పొలం లీజుది. లీజు అయిపోయింది. నేల సొంతదారులు వెనక్కి అడిగారు. "ఆలది ఆలకి ఇచ్చీసినాం," అన్నారు. కోపంగా అనలేదు. వచ్చేసే ముందు కంచె పడిపోయిన చోట బాగు చేశారట, వాకిలి ఊడ్చారట. ఎవరూ చెయ్యమని అడగలేదు. ఆ తర్వాత కొడుకు ఉన్న ఈ దేశానికి వచ్చి, ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ తోటల్లో కూలికి చేసి, ఈ చిన్న పొలం కొన్నారు. కొన్నది. లీజు కాదు. ఆ మాట చెప్పేటప్పుడు కత్తి ఆపి నా వైపు చూశారు.

ఇక గేటు సంగతి.

ఆయన బండి పాతది, తెల్లది, డీజిలుది. పొలంలో పెట్టెలు మోసేదీ అదే, ఊళ్ళోకి వెళ్ళేదీ అదే. ఇంట్లోంచి బయలుదేరి గేటు దాకా వస్తారు. దిగి గేటు తీస్తారు. బండి బయట పెడతారు. మళ్ళీ దిగి గేటు వేస్తారు. అప్పుడు సీటు మీద పక్కకు పడుకుని, డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, ఏదో తిప్పుతారు. లేచి కూర్చుంటారు. తిరిగి వచ్చేటప్పుడు గేటు లోపలికి రాగానే మళ్ళీ అదే పని. మొదటిసారి ఆయన అలా పడుకున్నప్పుడు గుండెనొప్పేమోనని నేను భయపడ్డాను.

ఆయన తిప్పేది స్పీడోమీటరు కేబులు. ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళకు చెప్పాలి. న్యూజిలాండ్‌లో పెట్రోలు మీద పన్ను బంకులోనే పడుతుంది. డీజిలు మీద పడదు. ట్రాక్టరుకూ పోసేది అదే, కారుకూ అదే. డీజిలు బండి ఉన్నవాళ్ళు రోడ్డు మీద నడిచే దూరానికి ముందే పన్ను కట్టి, ఆ చీటీ అద్దానికి అంటించుకోవాలి. ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చెప్పేది బండిలోని మీటరే. ఆ మీటరును తిప్పేది కేబులు. కేబులు విప్పితే ముల్లు సున్నా మీద పడి ఉంటుంది, బండి ఎంత తిరిగినా అంకెలు కదలవు.

అందువల్ల ఈ దేశంలో పన్ను ఎగ్గొట్టాలనుకున్నవాడు రోడ్డెక్కగానే కేబులు విప్పుతాడు. తాత రోడ్డెక్కగానే బిగించేవారు, పొలంలోకి రాగానే విప్పేవారు.

పక్క పొలం ఆయన ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. తాత వయసువాడే. గేటు దగ్గర తాత పడుకున్నప్పుడల్లా కంచె మీద మోచేతులు ఆనించి చూస్తూ ఉండేవాడు. వాళ్ళ దేశంలో పొలం డీజిలుకు పన్ను ఉండదని, అందుకని దానికి ఆకుపచ్చ రంగు కలుపుతారని, రోడ్డు మీద తనిఖీవాళ్ళు టాంకులో గొట్టం ముంచి చూస్తారని, రంగు కనిపిస్తే రైతు పని అయిపోయినట్టేనని ఆయన మాకు చెప్పాడు. ఎంతమంది బంధువులు అలా దొరికారో కూడా చెప్పాడు, కొంత గర్వంగానే. తర్వాత తాత వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు.

"నీకు రంగు లేదు, గొట్టం లేదు, అడిగేవాడు లేడు. అయినా నువ్వు గేటుకు తప్పు వైపున విప్పుతున్నావయ్యా."

తాత కూడా నవ్వారు. పక్క పొలం ఆయన వెళ్ళాక నాతో తెలుగులో అన్నారు: "నా నేల మీద తిరిగినదానికి రోడ్డు డబ్బు ఎందుకియ్యాల? రోడ్డు మీద తిరిగినదానికి ఎందుకు ఇయ్యకూడదు? ఇందులో నవ్వడానికేటున్నాది?"

మా ఊళ్ళో రేషను కిరోసిన్ నీలంగా ఉంటుందని, స్టవ్వులకని ఇచ్చింది ఆటోల్లోకి, లారీల్లోకి పోతుందని, ఆటో వెనక పొగ వాసన చూసి చెప్పేయవచ్చని నేను చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. రంగు కనిపిస్తున్నా పోస్తారా అని అడిగారు. పోస్తారు అన్నాను. అయితే రంగు వల్ల లాభమేమిటని అడిగారు.

మరుసటి ఏడాది నేను గర్భవతిని. నెలలు నిండడానికి ఇంకా నెల ఉండగానే ఒకరోజు పొద్దున పదింటప్పుడు ఉమ్మనీరు పోయింది. మా ఆయన మనురేవాలో ఒక గోదాములో పనిచేసేవాడు. ఉన్న ఒక్క కారూ ఆయనతో వెళ్ళింది. గోదాములో ఫోను ఎవరూ తియ్యడం లేదు. మిడ్‌వైఫ్‌కు ఫోను చేస్తే బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది కదా, ఆలస్యం చెయ్యొద్దు, ఎవరి బండి దొరికితే ఆ బండిలో వెంటనే పెద్దాసుపత్రికి రమ్మంది. నేను గుమ్మం పట్టుకుని తాతా అని పిలిచాను. ఆయన క్యాబేజీల మధ్య ఉన్నారు. అంత పెద్ద మనిషి పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

ఆజీ నా పక్కన కూర్చుంది. ముగ్గురం ఆ ముందు సీట్లోనే. గేటు దగ్గర ఆయన దిగి గేటు తీశారు, బండి బయటికి తీశారు, అంతే. గేటు వెయ్యలేదు. సీటు మీద పడుకోలేదు. ఆవులుంటే పోయేవి, అదృష్టం ఆ పొలంలో ఆవులు లేవు.

మోటార్‌వే మీద నొప్పి వచ్చినప్పుడల్లా నేను తల వంచి ముందుకు వాలేదాన్ని. నా కళ్ళ ఎదుట స్పీడోమీటరు. ముల్లు సున్నా మీద ఉంది. బండి ఊగుతోంది, ఇంజను అరుస్తోంది, ముల్లు మాత్రం సున్నా మీదే ఉంది. మనం కదలడం లేదు అనుకున్నాను. అదే మాట పైకి అన్నాను కూడా. "కదులుతున్నాం తల్లీ, బయట సూడు, సెట్లు సూడు" అన్నారు తాత. నేను చెట్ల వైపు చూశాను. నిజమే, వెనక్కి పోతున్నాయి. ఆ తర్వాత ఆసుపత్రి వచ్చేదాకా చెట్లనే చూశాను.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. చాలా చిన్నది. గాజు పెట్టెలో ఉంచారు. ఇంకాస్త ఆలస్యమైతే అని డాక్టరు ఏదో మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపింది. మా ఆయన వచ్చేసరికి తాత వరండాలో నిలబడి ఉన్నారట, మట్టి బూట్లు విప్పి రెండు చేతుల్లో పట్టుకుని, మేజోళ్ళతో. తుడిచిన నేల పాడవుతుందని. ఆయన్ని కూర్చోమని చెప్పడానికి ఇద్దరు నర్సులు కావలసి వచ్చిందని మా ఆయన ఇప్పటికీ చెబుతాడు.

పాపను ఇంటికి తెచ్చుకున్న మర్నాటి పొద్దున్నే బండి చప్పుడు వినిపించింది. పాలిస్తూ కిటికీలోంచి చూశాను. తాత పొలం గట్టు వెంబడి బండి నడుపుతున్నారు. వెనక పెట్టెలు లేవు, పార లేదు, ఏమీ లేదు. నెమ్మదిగా పొలం చుట్టూ ఒక చుట్టు వచ్చారు. మళ్ళీ ఇంకో చుట్టు. మళ్ళీ. వరండాలో ఆజీ చేతులు కట్టుకుని నిలబడి హిందీలో తనలో తనే మాట్లాడుకుంటోంది. పక్క పొలం ఐర్లండ్ ఆయన కంచె దగ్గరికి వచ్చి మా ఆయనను పిలిచి అడిగాడు, ముసలాయన ఏమైనా పందేలకు తయారవుతున్నాడా అని.

ఆ రోజు ఆగారు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టారు. నాకు నిజంగా దిగులు పుట్టింది. పెద్దవయసు, ఆ రోజు పడ్డ కంగారు, మనసుకేమైనా అయిందేమో అనుకున్నాను. మూడో రోజు పాపను ఎత్తుకుని గట్టు దాకా వెళ్ళి చెయ్యి ఊపాను. బండి ఆపారు. ముల్లు వణుకుతూ సున్నాకు దిగింది. అంటే కేబులు బిగించి ఉంది. పొలంలో, గేటు లోపల.

"ఏం చేస్తున్నారు తాతా?"

"ఆస్పత్రికెళ్ళిన రోజు ముల్లు తిరగలేదు కదా," అన్నారు. "పోయిన దూరం, వచ్చిన దూరం. రోడ్డుది రోడ్డుకి ఇచ్చీయాల. ఇంకా మనురేవా కాడే ఉన్నాను."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ రోజు మేం రోడ్డు మీద వెళ్ళి వచ్చిన కిలోమీటర్లు మీటరులో పడలేదు. వాటిని ఆయన ఇప్పుడు పొలం చుట్టూ తిరిగి మీటరులో ఎక్కిస్తున్నారు. మొదటి రోజు కొంత దూరం వెళ్ళారు. రెండో రోజు ఆసుపత్రి చేరారు. ఇప్పుడు తిరుగు ప్రయాణంలో ఉన్నారు.

మా ఆయన లెక్క తెలిసిన మనిషి. సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఓపికగా చెప్పాడు. తాతా, ఇందుకోసం డీజిలు తగలబెట్టడం ఎందుకు, ఆ మేరకు పన్ను చీటీ అదనంగా ఒకటి కొని ఊరుకోవచ్చు కదా, ప్రభుత్వానికి డబ్బు ముడుతుంది. తాత ఒప్పుకోలేదు. కొన్న చీటీ మళ్ళీ తనకే పనికొస్తుంది, తను దాన్ని వాడేసుకుంటాడు, ఇచ్చినట్టు ఎలా అవుతుంది అన్నారు. మీటరు తిరగాలి. మా ఆయన కాసేపు ఆలోచించి, ఆయన చెప్పిందే సరైన లెక్క అని ఒప్పుకున్నాడు. మర్నాడు తాత ఇంటికి చేరారు. గేటు దగ్గర బండి ఆపి, సీటు మీద పడుకుని, కేబులు విప్పారు.

నా బిడ్డ ప్రాణానికి ఆయన ఏమీ అడగలేదు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు కూడా. ఎత్తితే మాట మార్చేవారు. రోడ్డుకు మాత్రం బాకీ ఉంచలేదు. ఇందులో ఏదో పెద్ద అర్థం ఉందని రాయడం తేలిక. ఆయన వింటే ఒప్పుకోరు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. బండిని ఏటా రెండుసార్లు తనిఖీకి తీసుకెళ్ళాలి. ఆ ఏడాది శీతాకాలంలో గారేజీ కుర్రవాడు కేబులు చివర మర అరిగిపోయిందని చూశాడు. ఎందుకిలా అరిగిందని అడిగాడు. తాత దాచేదేముందని ఉన్నదున్నట్టు చెప్పారు. అతను నవ్వలేదు. అలా చెయ్యకూడదని, ఎక్కడ విప్పినా విప్పడమే నేరమని చెప్పాడు. సొంత పొలంలో నడిచిన దూరానికి మినహాయింపు ఉంది, కానీ మీటరు తిరగనిచ్చి తర్వాత అడిగి తీసుకోవాలి. విప్పేవాడు రోడ్డు మీద విప్పాడా పొలంలో విప్పాడా అన్నది చట్టం చూడదు. కొత్త కేబులు వేసి ఇచ్చి పంపాడు.

తాత ఇంటికి వచ్చి మా గడప మీద కూర్చున్నారు. ఎప్పుడూ అలా కూర్చోలేదు. ఆజీ అన్నానికి పిలిచినా లేవలేదు.

"నాను దొంగనైపోనాను తల్లీ. ఇన్నేళ్ళూ."

కాదని వెంటనే అనేశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఊరికే అనడం కాదు, చదివి చెప్పమన్నారు. నేను ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళి ఆ నిబంధన చదివాను. గారేజీ కుర్రవాడు చెప్పింది నిజమే. వచ్చి ఆయనకు తెలుగులో చెప్పాను. మీరు రోడ్డుకు ఎగ్గొట్టింది ఏమీ లేదు, కానీ కేబులు విప్పడం తప్పే అన్నాను. రెండూ చెప్పాల్సి వచ్చింది. మొదటిది ఆయన విన్నట్టు లేదు.

ఐర్లండ్ ఆయన వచ్చి ధైర్యం చెప్పాడు. ఈ రోడ్డు పొడుగునా ఎవరెవరు కేబులు విప్పుకుని తిరుగుతారో పేర్లు చెప్పాడు. అది ఇంకా పాడు చేసింది. తనను ఆ వరుసలో నిలబెట్టినట్టయింది. రెండు రోజులు తాత బండి ఎక్కలేదు. క్యాబేజీలు చక్రాల బండి మీద తోసుకొచ్చారు. మూడో రోజు శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చి, రోడ్డు పన్ను ఆఫీసుకు వస్తావా అని నన్ను అడిగారు. ఇంగ్లిషు నాకంటే ఆయనకే బాగా వచ్చు. మరెందుకు అంటే, "నాను సెప్పినప్పుడు మనోళ్ళెవరైనా ఉండాల" అన్నారు.

పాపను ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. కౌంటరు వెనక ఉన్నది చిన్న వయసు ఉద్యోగిని. తాత టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. పొలంలో విప్పేవాడిని, రోడ్డు మీద బిగించేవాడిని, ఒక్క రోజు మరిచిపోయాను, దానికి పొలం చుట్టూ తిరిగాను. ఆ పిల్ల రాసుకోవడం మొదలుపెట్టి, ఆపి, లోపలికి వెళ్ళి ఒక పెద్దావిడను తీసుకొచ్చింది. తాత మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఆవిడ మొత్తం విన్నది. మధ్యలో ఆపలేదు.

"పొలం చుట్టూ తిరిగారా?" అని మాత్రం అడిగింది.

"అవును. ఆసుపత్రికి పోయి వచ్చినంత దూరం."

ఆవిడ పాప వైపు చూసింది. ఈ పాపేనా అంది. అవును అన్నాను. ఇప్పుడు కేబులు బిగించి ఉందా అని తాతను అడిగింది. ఉంది అన్నారు. "అయితే ఇక ముట్టుకోకండి. అలాగే ఉండనివ్వండి," అంది. పొలంలో తిరిగిన దూరానికి వెనక్కి ఎలా అడగవచ్చో చెప్పబోయింది. తాత వద్దన్నారు.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆగారు.

"ఇంతేనా? శిక్షేటీ లేదా?"

"లేదు తాతా."

"అలాగైతే సెప్పినట్టేనా?"

"చెప్పినట్టే. నేను విన్నాను కదా."

ఆయన టోపీ పెట్టుకున్నారు. దారిలో ఇక్కడివాళ్ళు డెయిరీ అనే ఒక చిల్లర కొట్టు దగ్గర బండి ఆపి నాకో ఐస్‌క్రీమ్ కొన్నారు. ఆయన పిసినారితనం తెలిసినవాళ్ళకు ఇది నమ్మడం కష్టం. తను తినలేదు. నేను తినేదాకా పాపను ఎత్తుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన గేటు దగ్గర సీటు మీద పడుకోవడం మానేశారు. పొలంలో తిరిగినా మీటరు తిరిగేది. దానికీ పన్ను కట్టేవారు. వెనక్కి ఎప్పుడూ అడగలేదు. ఎందుకు అడగరని మా ఆయన అప్పుడప్పుడూ పోరేవాడు. "పోన్లే బాబూ," అనేవారు. అంత జాగ్రత్త మనిషి ఆ ఒక్క చోట చెయ్యి వదిలేశారు.

మేం రెండేళ్ళ తర్వాత మనురేవాకు మారాం. పాప పుట్టినరోజుకు మాత్రం ప్రతిసారీ పుకెకోహె వెళ్ళేవాళ్ళం. అది పాపే పెట్టిన ఆచారం. మూడేళ్ళప్పుడు ఆ కథ విని, నాకోసం తిరిగిన చుట్లు నాకు చూపించు అని ఇంగ్లిషులో అడిగింది. పాపకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం తక్కువ. తాత ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పొలం చుట్టూ తీసుకెళ్ళారు. ఏ మూల దగ్గర మనురేవా వచ్చిందో, ఏ మూల దగ్గర ఆసుపత్రి వచ్చిందో చూపించారు. పాప ఆసుపత్రి మూల దగ్గర కిందికి దిగి చూసింది. అక్కడ క్యాబేజీలు ఉన్నాయి. తర్వాతి ఏడాది మళ్ళీ అడిగింది. ఆ తర్వాత అడగనక్కరలేకుండానే మేం వెళ్ళేసరికి బండి బయట పెట్టి ఉండేది, సీటు తుడిచి ఉండేది. వాళ్ళిద్దరూ బండిలో ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఒకసారి దిగాక పాప కొత్తిమీర అన్న మాటను విజయనగరం యాసలో పలికింది.

మోకాళ్ళు సహకరించక ఆయన పొలం అమ్మేశారు. కొన్నవాళ్ళు ఇళ్ళు కట్టేవాళ్ళు. అప్పగించే ముందు ఆయన ఏం చేసి ఉంటారో నాకు తెలుసు. అందుకే ఆజీని అడగలేదు. ఆవిడే చెప్పింది, గేటుకు రంగు వేశారట.

బుధవారం అంత్యక్రియలకు వెళ్ళి వస్తూ ఆ దారిలో కారు పోనిచ్చాను. కొత్త ఇళ్ళు, కొత్త పచ్చిక, పేర్లు రాసిన వీధులు. ఆయన తిరిగిన గట్టు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. ఇప్పుడు అక్కడంతా రోడ్డే. పాప వెనక సీట్లో ఉంది. ఆసుపత్రి మూల ఎక్కడ అని అడిగింది. తెలియడం లేదన్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

వచ్చే నెల దాని పుట్టినరోజు. పొలం అమ్మినప్పటి నుంచీ ఆ రోజున మేం ఎక్కడా చుట్లు తిరగడం లేదు.